మాధవాయిపాలెం గుడ్డ, లంక చుట్ట: ఇంగ్లీషు డిక్షనరీలో పాతబడిన మాటలకి మన డెల్టాలో అడ్రస్

నరసాపురం మాధవాయిపాలెం రేవు దగ్గర గోదారి దాటించే పంటు (బళ్ళు కూడా ఎక్కే పడవ) కోసం నిలబడితే ఎదర సఖినేటిపల్లి ఒడ్డు కనపడతానే ఉంటది, కానీ బైకులూ ఆటోలూ కొబ్బరికాయల బస్తాలూ అన్నీ ఎక్కేదాకా పంటు కదలదు. మొన్న అలా నిలబడి ఉంటే మా మేనకోడలు ఫోన్ చూపించింది. వాట్సాప్‌లో తిరుగుతున్న లిస్టు ఒకటి, "ఇప్పుడెవరూ వాడని పాత ఇంగ్లీషు మాటలు, మీకెన్ని తెలుసు" అని. అందులో ఆరో ఏడో నంబర్లో మడపొల్లం అని ఉంది, పక్కన అర్థం "ఒక రకం తెల్లటి నూలు గుడ్డ". "మావయ్యా, ఇదెక్కడి మాట, నోరు కూడా తిరగట్లేదు" అంది. మనం నిలబడ్డ చోటేనమ్మా అన్నాను. నమ్మలేదు పాపం.

ఈ లిస్టులు చూసి చాలామంది తికమక పడతన్నారు. పాత మాట అంటే తప్పు మాటా? డిక్షనరీలో ఉందంటే వాడొచ్చా? ఇంగ్లీషోళ్ళు మానేసిన మాట మనం వాడితే మనకి ఇంగ్లీషు రానట్టా? మా నాన్న దస్తావేజులు రాసేవారు, చిన్నప్పట్నుంచీ ఆయన పక్కన కూర్చుని ఈ మాటల మధ్యే పెరిగాను, అందుకని ఈ ముడి కాస్త నిదానంగా విప్పుదామని ఇది రాస్తన్నాను.

డిక్షనరీ వేసే నాలుగు ముద్రలు

డిక్షనరీలో మాట పక్కన వాలుగా చిన్న అక్షరాలతో ఒక ముద్ర ఉంటది, మనం దాన్ని దాటేసి అర్థంలోకి వెళ్ళిపోతాం. అసలు సంగతంతా ఆ ముద్రలోనే ఉంది.

డేటెడ్ అంటే పెద్దోళ్ళ నోట్లో ఇంకా ఉంది, కుర్రోళ్ళ నోట్లో లేదు అని. మా అమ్మమ్మ సంతకాన్ని దస్కత్తు అనేది, నాకు అర్థమయ్యేది కానీ నేనెప్పుడూ అనలేదు. ఇంగ్లండులో ముసలోళ్ళు రేడియోని వైర్‌లెస్ అనడం అలాంటిదే.

హిస్టారికల్ అంటే వేరు. అక్కడ పాతబడింది మాట కాదు, వస్తువు. అణా, బేడ, కుంచం, మానిక అనే మాటల్లో తప్పేం లేదు, ఆ కాలం గురించి మాట్లాడాలంటే ఇవాళైనా అవే అనాలి, కాకపోతే ఆ నాణేలూ ఆ కొలతలూ బజార్లో లేవు.

ఆర్కేయిక్ అంటే మామూలు మాటల్లోంచి పోయినా ఏదో ఒక మూల బతికే ఉంది అని. మనకి "చేసితిని, పొందితిని" ఇప్పుడు ఎవరూ అనరు, కానీ పద్యంలో వస్తే ఠక్కున అర్థమవుతాయి. ఇంగ్లీషు ప్రార్థనల్లో దౌ, దీ (నువ్వు, నిన్ను) అన్నవి అలా మిగిలినవే.

ఆబ్సొలీట్ అంటే ఎవరూ, ఎక్కడా వాడట్లేదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పెద్ద డిక్షనరీలో ఇలాంటి మాట ముందు బాకు లాంటి చిన్న గుర్తు వేస్తారు. గుర్తు వేస్తారు గానీ మాటని తీసెయ్యరు, ఒకసారి ఎక్కిన మాట అందులో ఉండిపోద్ది. అందుకే "డిక్షనరీలో ఉంది కాబట్టి వాడుకలో ఉన్నట్టే" అనే వాదన నిలబడదు.

ఇక్కడిదాకా తేలికే. చిక్కెక్కడంటే ఈ ముద్ర వేసేవాళ్ళు ఏ ఊళ్ళో నిలబడి చూస్తన్నారు అన్నదాన్ని బట్టి ముద్ర మారిపోద్ది. లండన్‌లో పోయిన మాట ధవళేశ్వరంలో రోజూ పని చేస్తా ఉండొచ్చు. కింద చెప్పేవన్నీ అలాంటివే.

రేవు పేరు గుడ్డ పేరు ఎలా అయింది

మాధవాయిపాలెం నరసాపురాన్ని ఆనుకుని గోదారి ఒడ్డున ఉంది. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. ఇక్కడొకసారి ఆగాలి, ఎందుకంటే ఫ్యాక్టరీ అన్న మాట కూడా అర్థం మారిపోయిన మాటే. అప్పట్లో ఫ్యాక్టరీ అంటే మిషన్లు తిరిగే చోటు కాదు. ఫ్యాక్టర్ అంటే కంపెనీ తరఫున సరుకు కొనే ఏజెంటు, ఆయనా ఆయన గిడ్డంగులూ ఉండే చోటు ఫ్యాక్టరీ. "మాధవాయిపాలెంలో ఇంగ్లీషు వాళ్ళ ఫ్యాక్టరీ ఉండేది" అని చదివి అక్కడ మిల్లు ఉండేదనుకుంటే మొత్తం కథే తిరగబడిపోద్ది. మిల్లు లేదు. చుట్టుపక్కల ఊళ్ళల్లో సాలెవాళ్ళు ఇళ్ళల్లో మగ్గాల మీద నేసేవారు, ఆ తాన్లు ఇక్కడికి చేరేవి, ఇక్కణ్ణుంచి ఓడెక్కేవి. మన డెల్టాలో ఇలాంటివే ఇంకో రెండు ఉండేవి, ఒకటి అల్లవరం దగ్గర బెండమూర్లంక, రెండోది యానాం దగ్గర ఇంజరం.

తాను మీద ఊరి పేరు, ఊరి పేరు ఇంగ్లీషోళ్ళ నోట్లో పడి మడపొల్లం. కొన్నాళ్ళకి ఊరు జారిపోయి గుడ్డ మిగిలింది. మస్లిన్ అంత పల్చన కాదు, కాలికో అంత మోటు కాదు, ఆ రెంటికీ మధ్యలో ఉండే మెత్తటి తెల్ల గుడ్డ అని డిక్షనరీలు చెబుతాయి. ఫ్రెంచిలోకి మడపోలామ్ అని వెళ్ళింది, స్పానిష్‌లోకీ వెళ్ళింది.

తర్వాత జరిగింది చదివినప్పుడు మనసు చివుక్కుమంటది. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు హాబ్సన్ జాబ్సన్ అని ఒక డిక్షనరీ వేశారు, ఇండియాలో ఉన్న ఇంగ్లీషు వాళ్ళ మాటలన్నీ అందులో పోగేశారు. మడపొల్లం దగ్గరకొచ్చేసరికి, ఈ పేరున్న గుడ్డ ఇప్పుడు ఇంగ్లండు నుంచి ఇండియాకి ఎగుమతయ్యే ముఖ్యమైన సరుకు అని రాశారు. అంటే మన ఊరి పేరు పెట్టుకున్న గుడ్డ వాళ్ళ మిల్లుల్లో తయారై మనకే అమ్మకానికొచ్చింది. మగ్గం పోయింది, పేరు మాత్రం సముద్రం దాటి తిరిగొచ్చింది.

మరి ఈ మాటకి ఏ ముద్ర వెయ్యాలి? ఇంగ్లండులో మామూలు జనానికి ఇది రేర్, అంటే అరుదైన మాట, గుడ్డల వ్యాపారం తెలిసినోళ్ళకి మామూలు మాట, చరిత్ర చదివేవాళ్ళకి హిస్టారికల్. మనకైతే పంటెక్కే రేవు. ఒకే మాటకి ఇన్ని ముద్రలు వేసినా ఏదీ అబద్ధం కాదు.

లంక చుట్ట షెర్లాక్ హోమ్స్ దాకా వెళ్ళింది

లంక అంటే మనకి గోదారి పాయల మధ్య మేట వేసి తేలిన భూమి. వరదకి మునుగుతాది, వరద తీశాక ఒండ్రు మట్టి వదుల్తాది, ఆ మట్టిలో పొగాకు బాగా వస్తది. లంక పొగాకు ఘాటు గురించి చుట్ట తాగే పెద్దాయన్ని ఎవర్నడిగినా చెబుతారు.

ఇంగ్లీషు డిక్షనరీల్లో లుంకా అని ఒక మాట ఉంది, అర్థం "ఘాటైన ఒక రకం చుట్ట". హాబ్సన్ జాబ్సన్‌లో దీని పుట్టుక సూటిగా రాసుంది: గోదావరి డెల్టాలో లంకలు అనే దీవుల్లో పండిన పొగాకుతో చుట్టినది కాబట్టి ఆ పేరు, మద్రాసు ప్రెసిడెన్సీలో దీనికి మంచి గిరాకీ అని. 1890లో కానన్ డాయిల్ రాసిన ది సైన్ ఆఫ్ ఫోర్ అనే నవల్లో డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ 140 రకాల పొగాకు బూడిదల మీద తనొక పుస్తకం రాశానంటాడు, హత్య చేసినవాడు ఇండియన్ లుంకా తాగేవాడని బూడిద చూసి చెప్పగలిగితే వెతకాల్సిన మనుషులు తగ్గిపోతారు కదా అంటాడు. ఆ కథ చదివే ఇంగ్లీషు పాఠకుడికి ఆ మాట దగ్గర కింద నోటు కావాలి. మన ముమ్మిడివరం వైపు పిల్లాడికైతే నోటుతో పన్లేదు, దీర్ఘం ఎక్కడ జారిందో చూపిస్తే చాలు.

ఆనకట్ట, లాకులు, లస్కరు

కాలవల మీద మాటలు ఇంకా మెలికగా ఉంటాయి, ఎందుకంటే ఇక్కడ మాటలు రెండు వైపులా నడిచాయి.

యానికట్ అన్న మాట తీసుకుందాం. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టి 1852కి పూర్తి చేసింది యానికట్టే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకల్ని కలుపుకుంటా కట్టారు. ఇది మన ఆనకట్ట నుంచే వెళ్ళిందని మనోళ్ళు గట్టిగా అంటారు. డిక్షనరీలు మాత్రం తమిళం అణైకట్టు అని రాస్తాయి. రెండు వాదనలకీ బలం ఉంది. రెండు భాషల్లో మాట ఒక్క కుదురుదే, కట్టు అన్న ముక్క ఇద్దరిదీ. అయితే కాటన్ గోదారికి రాకముందే 1830ల్లో తంజావూరు వైపు కొల్లిడం ఏటి మీద పని చేశాడు, ఆ ఇంజనీర్ల నోటికి ఈ మాట అక్కడే పట్టుబడి ఉంటది అనుకోడానికి ఎక్కువ వీలుంది. నాకూ డిక్షనరీ మాటే సబబుగా అనిపిస్తది. ఇంగ్లీషులోకి తమిళం దారిన వెళ్ళినా, జనం నోట్లో నిలబడింది మాత్రం ఇక్కడ కూడా.

యానికట్‌కీ బ్యారేజీకీ తేడా ఏంటని పోటీ పరీక్షలకి చదివే పిల్లలు అడుగుతా ఉంటారు. యానికట్ అంటే ఏటికి అడ్డంగా గోడ, నీరు గోడ ఎత్తుకి లేచి కాలవల్లోకి మళ్ళుద్ది, ఎక్కువైంది గోడ మీంచి పొర్లిపోద్ది. బ్యారేజీ అంటే గేట్లు, నీరెంత వదలాలో మనిషి చేతుల్లో ఉంటది. ఇప్పుడు ధవళేశ్వరంలో ఉన్నది 175 గేట్ల బ్యారేజీ, పాత యానికట్ బదులు కట్టింది. జనం దాన్ని ఇప్పటికీ ఆనకట్ట అనే అంటారు, బోర్డు మీద బ్యారేజీ అని ఉంటది. ఎవరూ తప్పు కాదు, ఒకళ్ళు పాత వస్తువు పేరుని కొత్త వస్తువుకి తొడిగారు, భాషలో ఇది రోజూ జరిగేదే.

లాకులు ఇంకో రకం. ఆత్రేయపురం పక్కన లొల్ల లాకులు సినిమా షూటింగుల వల్ల అందరికీ తెలుసు. లాకు అంటే తాళం కదా, కాలవకి తాళమేంటి అని హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు అడుగుతారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకి మూలార్థం మూసి ఉంచేది, అడ్డుకట్ట. తలుపుకి వేస్తే తాళం, కాలవకి వేస్తే లాకు. కాలవ ఒకచోట పల్లానికి దిగుద్ది, పడవ ఆ మెట్టు దిగలేదు కాబట్టి రెండు గేట్ల మధ్య పడవని పెట్టి, నీళ్ళు కింది మట్టానికి దించి, అప్పుడు అవతలి గేటు తీస్తారు. పడవలు కాకినాడ నుంచి సరుకులు మోసిన రోజుల్లో ఇదంతా అందరూ కళ్ళారా చూసినదే. పడవలు ఆగిపోయాయి, లాకులు ఊరి పేర్లలోనూ బస్సు స్టాపుల్లోనూ ఉండిపోయాయి.

వీటన్నిట్లో నాకు బాగా ఇష్టమైన మాట లస్కరు. మన దగ్గర లస్కరు అంటే ఇరిగేషన్ డిపార్టుమెంటులో కాలవ గట్టు మీద తిరుగుతా తూములు ఎత్తి దించే మనిషి. నాట్ల టైములో శివారు చేలకి నీళ్ళు అందకపోతే రైతులు ముందు వెతికేది ఆయన్నే. ఇంగ్లీషు డిక్షనరీ తిప్పితే లాస్కర్ అంటే యూరపు ఓడల మీద పనిచేసిన ఇండియా వైపు నావికుడు, పక్కన డేటెడ్ అనో హిస్టారికల్ అనో ముద్ర. మాట పుట్టింది పర్షియన్ లష్కర్‌లో, అంటే సైన్యం. పోర్చుగీసు వాళ్ళ ద్వారా ఓడెక్కింది. నేల మీద కూడా ఈ మాట నడిచింది, సైన్యంలో గుడారాలు వేసేవాళ్ళనీ ఫిరంగుల దగ్గర పన్లు చేసేవాళ్ళనీ లాస్కర్లే అనేవారు. మన కాలవ మీదున్నాయన ఆ నేల మీది వరసవాడు. ఓడ మీద లాస్కర్ చరిత్రలో కలిసిపోయాడు, గట్టు మీద లస్కరు పొద్దున్నే సైకిలేసుకుని వెళ్తన్నాడు.

జెంటూ: ఒకే మాట, రెండు ఊళ్ళు, రెండు అర్థాలు

పాత ఇంగ్లీషు పుస్తకాల్లో మన భాష పేరే వేరేగా కనపడి చాలామంది గాభరా పడతారు. మద్రాసు వైపు ఇంగ్లీషు వాళ్ళు తెలుగుని జెంటూ అనేవారు. 1816లో క్యాంప్‌బెల్ అచ్చేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే "మామూలుగా జెంటూ అనబడే" అని ఉంది. ఇది చదివి 1776లో హాల్‌హెడ్ వేసిన జెంటూ లాస్ పుస్తకం కనపడితే "తెలుగోళ్ళ చట్టాలు" అనుకోడం సహజం, కానీ అది పొరపాటు. అది హిందూ ధర్మశాస్త్రం గురించి. మూలం పోర్చుగీసు జెంటియో, ముస్లిం కాని ఇక్కడి జనం అనే అర్థంలో వాడేవారు. బెంగాల్లో అది హిందువులందరికీ అంటుకుంది, మద్రాసులో తెలుగు భాషకీ తెలుగోళ్ళకీ అంటుకుంది. కాబట్టి ఈ మాట ఎదురైతే డిక్షనరీ కన్నా ముందు పుస్తకం ఎక్కడ అచ్చయిందో చూస్తే సగం అనుమానం తీరిపోద్ది.

తెలిసిన మాటలే మోసం చేస్తాయి

తెలియని మాట మనల్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు, తెలియదని తెలుసు కాబట్టి వెతుక్కుంటాం. ముంచేది తెలిసిన మాట. పాత రిపోర్టులో వాంట్ ఆఫ్ వాటర్ అని ఉంటే మనోళ్ళు "నీళ్ళు కావాలన్నారు" అని అర్థం చేసుకుంటారు. అక్కడ వాంట్ అంటే లోటు. "వాంట్ ఆఫ్ వాటర్ వల్ల పంట పోయింది" అంటే నీళ్ళు లేక పోయింది అని. నైస్ అంటే ఒకప్పుడు తెలివితక్కువ అని అర్థం, లాటిన్లో "తెలియనివాడు" అన్న మాట నుంచి వచ్చింది, తిరిగి తిరిగి మంచి అయింది. మనకీ ఇది కొత్త కాదు, కంపు అంటే ఒకప్పుడు మామూలుగా వాసన, ఇప్పుడు ముక్కు మూసుకునేది.

దస్తావేజులో మాటలు చావవు

రీసర్వే మొదలైన దగ్గర్నుంచీ ఇళ్ళల్లో ఇనప్పెట్టెలు తెరుచుకున్నాయి, తాతల నాటి కాగితాలు బయటికొచ్చాయి. వాటిల్లో యూజుఫ్రక్చువరీ మార్ట్‌గేజ్ అనే మాట చూసి ఒకాయన మా ఇంటికొచ్చారు, పొలం పోయిందేమోనని చెయ్యి వణుకుతా ఉంది. మా నాన్న ఆ కాగితం చూసి "భోగ్యం తనఖా అండి, ఖంగారు పడకండి" అన్నారు. ఆ ఒక్క తెలుగు మాటతో ఆయన మొహం తేటబడింది.

విడదీసి చూస్తే మాట కష్టమేం కాదు. లాటిన్లో యూసుస్ అంటే వాడుకోడం, ఫ్రుక్టుస్ అంటే ఫలం. ఇద్దరు మనుషుల్ని తీసుకుందాం. సుబ్బారావుగారికి డబ్బు అవసరమొచ్చి అరెకరం కొబ్బరితోట పెట్టి వెంకన్నగారి దగ్గర అప్పు తీసుకున్నారు. తోట వెంకన్నగారి స్వాధీనం చేశారు. దింపు దిగిన కాయల డబ్బు వెంకన్నగారు వడ్డీ కింద తీసుకుంటారు, వాళ్ళు రాసుకున్నదాన్ని బట్టి అసల్లో కూడా జమ చేసుకోవచ్చు. బాకీ తీరాక తోట వెనక్కివ్వాలి. తోట ఎప్పుడూ సుబ్బారావుగారిదే, ఫలం మాత్రం కొన్నాళ్ళు అవతలాయనది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్లో ఇది ఉంది. దాని పక్కనే షరతు మీద అమ్మకం రూపంలో ఉండే తనఖా ఇంకోటుంది, గడువులోపు డబ్బు కట్టకపోతే అమ్మకం ఖాయమయ్యేలా అది రాస్తారు. చూట్టానికి రెండూ పాత ఇంగ్లీషే, ఫలితాలకి మాత్రం నింగికీ నేలకీ ఉన్నంత తేడా. భోగ్యం తనఖా విడిపించుకోడానికి తాకట్టు పెట్టిన తేదీ నుంచి గడువు లెక్కెయ్యకూడదని 2014లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది కూడా.

ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి. ఇలాంటి మాటలు తీసేసి మామూలు భాషలో రాయాలని ఒకరంటారు, సంతకం పెట్టేవాడికి అర్థం కాని కాగితం అన్యాయం అని. ఈ మాటలకి కోర్టులు వందేళ్ళకి పైగా అర్థం ఖాయం చేశాయి, మారిస్తే కొత్త తగాదాలు పుడతాయని లాయర్లంటారు. రెండోవాళ్ళ భయం ఉత్తుత్తిది కాదు. కానీ ఆ రోజు వణికిన చెయ్యి చూశాక, అసలు మాట పక్కన భోగ్యం అని ఒక్క తెలుగు మాట రాస్తే ఎవరికి నష్టమో నాకు అర్థం కాలేదు.

స్టెప్నీ, డిక్కీ, డూ ద నీడ్‌ఫుల్

రావులపాలెం సెంటర్లో టైరు పంచరైతే డ్రైవరు స్టెప్నీ తియ్యమంటాడు. 1904లో వేల్స్‌లోని లనెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ వీధిలో డేవిస్ అన్నదమ్ములు పంచరైన చక్రానికి బిగించే అదనపు చక్రం తయారు చేశారు, అప్పటి కార్లకి స్పేర్ చక్రమే ఉండేది కాదు. ఇంగ్లండులో ఆ పేరు ఎప్పుడో పోయింది. డిక్కీ కూడా అంతే, అప్పట్లో గుర్రబ్బండి మీద బయట కూర్చునే సీటు, తర్వాత కారు వెనకాల మడత సీటు, మన దగ్గరకొచ్చేసరికి సామాను పెట్టుకునే చోటు.

వీటి మీద ఎవరూ గొడవ పడరు. గొడవంతా డూ ద నీడ్‌ఫుల్ (చెయ్యాల్సింది చెయ్యండి) మీద. ఇది ఇండియా వాళ్ళు తయారు చేసిన తప్పు ఇంగ్లీషు అని ఆఫీసుల్లో క్లాసులు పీకుతారు. నిజానికి బ్రిటిషు వాళ్ళే ఒకప్పుడు ఉత్తరాల్లో మామూలుగా రాసుకున్న మాట ఇది, వాళ్ళు మానేశారు, మనం మానలేదు. వద్దనేవాళ్ళ మాటలోనూ పస ఉంది, ఫారిన్ క్లయింటుకి రాస్తే ఏం చెయ్యాలో స్పష్టంగా తెలియదు, పాతకాలపు వాసనేస్తది. అది సందర్భానికి సంబంధించిన సమస్య. తప్పొప్పుల సమస్య కాదు. తహసీల్దారుకి పెట్టే అర్జీలో ఆ మాట ఇవాళ్టికీ చక్కగా పని చేస్తంది.

పాతబడనివి కూడా రెండున్నాయి

ఇక్కణ్ణుంచి వెళ్ళిన మాటలన్నీ మూలన పడ్డాయనుకోకండి. మన చేలల్లో వరి కంకులు కొరికే పందికొక్కు ఇంగ్లీషులో బ్యాండికూట్ అయింది, ఆస్ట్రేలియాలో అసలు సంబంధం లేని వేరే జంతువుకి కూడా ఆ పేరే పెట్టారు. సైక్లోన్ అన్న మాటని కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో పెట్టాడు, గ్రీకులో పాము చుట్టలాంటిది అన్న మాట నుంచి. ఆయన బంగాళాఖాతం తుఫాన్లని ఏళ్ళ తరబడి చదివాడు, 1789లో కోరంగి మీద విరుచుకుపడిన ఉప్పెన గురించీ రాశాడు. ఆ మాట ఇప్పటికీ ప్రతి అక్టోబరు, నవంబరులో మన ఫోన్లలో మోగుతానే ఉంది.

ఇదంతా పంటు మీద మా మేనకోడలికి చెప్పుకుంటా వచ్చాను. సఖినేటిపల్లి ఒడ్డు దగ్గరకొచ్చేసరికి "మరి పంటు?" అంది. అడుగు బల్లపరుపుగా ఉండే పడవని ఇంగ్లీషులో పంట్ అంటారు, తేలే వంతెన దిమ్మెల్ని పాంటూన్ అంటారు, రెండూ లాటిన్లో పొంటో అన్న ఒక్క మాట పిల్లలే. మన పంటు రూపంలో మొదటిదానికి దగ్గర, పనిలో రెంటికీ దగ్గర. ఈలోగా రేకు తలుపు దించారు, బైకులు స్టార్టయ్యాయి. ఆ పిల్ల దిగుతానే ఆ లిస్టుకి రిప్లై కొడతా ఉంది, మడపొల్లం పక్కన రేవు ఫోటో పెట్టి.